వాచ్‌కి గుండె చప్పుడు తెలుసు.. మరి గుండె కండరం సంగతి? కార్డియాక్ ఎంఆర్‌ఐ పనితనం ఇదీ!

హార్ట్‌రేట్ చూపించని ఫిట్‌నెస్ బ్యాండ్ ఇప్పుడు మార్కెట్లో దొరకడమే కష్టం. ఇంకాస్త బడ్జెట్ పెంచితే ఈసీజీ తీసే వాచ్ వచ్చేస్తుంది. ఆక్సిజన్, స్ట్రెస్, నిద్ర.. అన్నీ మణికట్టు మీదే. కానీ ఇంట్లో ఎవరికైనా నిజంగా గుండె సమస్య వచ్చినప్పుడు డాక్టర్ ముందుండే రెండు పెద్ద ప్రశ్నలకు ఈ వాచ్‌లలో ఏదీ జవాబు చెప్పలేదు. ఒకటి, గుండె కండరానికి సరిపడా రక్తం అందుతోందా? రెండు, ఆ కండరంలో ఎంత బతికి ఉంది, ఎంత చనిపోయింది?

ఈ రెండింటికీ ఒకే సిట్టింగ్‌లో, బొమ్మలతో సహా జవాబిచ్చే మెషీన్ ఒకటుంది. అదే కార్డియాక్ ఎంఆర్‌ఐ. దీని లోపల జరిగేదంతా మనకు బాగా తెలిసిన టెక్నాలజీనే. ఫ్రేమ్ స్టాకింగ్, కంప్రెషన్, ఏఐ డీనాయిజింగ్ లాంటివన్నీ ఇందులోనూ ఉన్నాయి. కాకపోతే ఇక్కడ సబ్జెక్ట్ సూర్యాస్తమయం కాదు, కొట్టుకుంటున్న గుండె.

'మాకెందుకు ఇదంతా' అనుకోకండి. నాన్నకో, పెదనాన్నకో ఈ స్కాన్ రాశారంటే ఆ రిపోర్ట్ పీడీఎఫ్ ముందు వచ్చేది మీ వాట్సాప్‌కే. 'నువ్వు కంప్యూటర్లు అవీ చూస్తావు కదా, ఇందులో ఏముందో చెప్పు' అని అడిగేది మిమ్మల్నే. అందుకే మన స్టైల్లోనే ఓ లుక్కేద్దాం.

వాచ్ ఎక్కడ ఆగిపోతుంది?

వాచ్ వెనకాల మెరిసే పచ్చ లైటు చర్మం కింద రక్తం పెరుగుతూ తగ్గుతూ ఉండటాన్ని చూసి పల్స్ లెక్కేస్తుంది. ఈసీజీ ఫీచర్ అయితే మణికట్టుకీ, రెండో చేతి వేలికీ మధ్య నడిచే కరెంటును కొలుస్తుంది. 2018లో యాపిల్ వాచ్ సిరీస్ 4తో ఇది బాగా పాపులర్ అయింది. 4 లక్షల 19 వేల మందికి పైగా పాల్గొన్న యాపిల్ హార్ట్ స్టడీ ఫలితాలు 2019లో వచ్చాయి. అందులో 'మీ పల్స్ లయ తప్పింది' అన్న అలర్ట్ వచ్చింది కేవలం 0.52 శాతం మందికి. గుండె లయ తప్పడాన్ని పట్టుకోవడంలో ఈ టెక్నాలజీ ఉపయోగం కాదనలేం. కానీ హార్ట్ ఎటాక్‌ని ఈ వాచ్ గుర్తించలేదని యాపిల్ కంపెనీయే స్పష్టంగా చెబుతుంది.

ఆసుపత్రిలో చేసే పరీక్షలకూ ఎవరి పరిధి వాళ్లకుంది. ఈసీజీ కరెంటును చూస్తుంది. టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ. 2డీ ఎకో గుండె గోడలు ఎలా కదులుతున్నాయో చూపిస్తుంది. యాంజియోగ్రామ్ రక్తనాళం లోపల ఎంత సందు మిగిలిందో చూపిస్తుంది.

దీన్ని పల్లెటూరి భాషలో చెప్పుకుందాం. కాలువలో పూడిక ఎంతుందో యాంజియో చెబుతుంది. కానీ కాలువ 70 శాతం పూడిపోయినంత మాత్రాన పొలం ఎండిపోయిందని గ్యారంటీ లేదు. పక్క కాలువ నుంచి నీళ్లు పారుతూ ఉండొచ్చు. అలాగే కాలువ శుభ్రంగా కనిపించినా చివరి పిల్ల కాలువల్లో నీళ్లు రాకపోవచ్చు. రైతుకు కావాల్సింది పూడిక లెక్క కాదు, పొలం తడిసిందా, పైరు బతికుందా అన్నది. కార్డియాక్ ఎంఆర్‌ఐ నేరుగా వెళ్లి చూసేది ఆ పొలాన్నే.

ముందు స్పెసిఫికేషన్లు చూద్దాం

* మ్యాగ్నెట్: 1.5 టెస్లా లేదా 3 టెస్లా. మీ ఫోన్లో కంపాస్ పనిచేసేది భూమి అయస్కాంత క్షేత్రంతో. దానికంటే 1.5 టెస్లా దాదాపు 30 వేల రెట్లు ఎక్కువ.
* కూలింగ్: ద్రవ హీలియం. మ్యాగ్నెట్ కాయిల్స్ ఉండేది దాదాపు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌లో.
* రేడియో: 1.5 టెస్లా మెషీన్ 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లా మెషీన్ 128 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. మన ఎఫ్ఎం రేడియో బ్యాండ్ 88 నుంచి 108. అంటే సరిగ్గా ఈ రెండింటి మధ్యలో ఉందన్నమాట. బయటి రేడియో సిగ్నల్స్ లోపలికి రాకుండా గది గోడలకు రాగి లాంటి లోహపు తొడుగు వేసేది అందుకే.
* రెజల్యూషన్: ఒక పిక్సెల్ సుమారు 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు. ఒక్కో స్లైస్ మందం 6 నుంచి 8 మిల్లీమీటర్లు.
* ఫ్రేమ్‌లు: ఒక్కో గుండె చప్పుడుకు 25 నుంచి 30.
* టన్నెల్ వెడల్పు: 60 లేదా 70 సెంటీమీటర్లు.
* శబ్దం: కొన్ని స్కాన్లలో 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు ప్లగ్‌లు తప్పనిసరి.
* ఎక్స్‌రే రేడియేషన్: సున్నా.

మెగాపిక్సెల్స్ లెక్కన చూస్తే ఒక్కో బొమ్మ 0.1 మెగాపిక్సెల్ కూడా ఉండదు. 200 మెగాపిక్సెల్ ఫోన్లు వాడే మనకు నవ్వొస్తుంది కానీ ఈ కెమెరా కాంతితో తీయదు. మన ఒంట్లోని నీళ్లు, కొవ్వుల్లో ఉండే హైడ్రోజన్ అణువుల నుంచి వచ్చే రేడియో సిగ్నల్‌ని వింటుంది. ఆ సిగ్నల్ ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టి బొమ్మగా మార్చే పద్ధతులను రూపొందించినందుకే పాల్ లాటర్‌బర్, పీటర్ మ్యాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

కదిలే గుండెను ఫొటో తీసేదెలా?

మోకాలు, మెదడు అయితే కదలకుండా పడుకుంటే చాలు. గుండె ఆగదు కదా! పైగా ఊపిరి తీసుకున్నప్పుడల్లా అది పైకీ కిందకీ జరుగుతుంది. ఎంఆర్‌ఐ ఏమో స్లో కెమెరా. ఒక ఫ్రేమ్‌కు కావాల్సిన డేటా అంతా ఒకే చప్పుడులో తీయడం మామూలు పద్ధతిలో కుదరదు.

ఇక్కడే నైట్ మోడ్ లాంటి ట్రిక్ వాడతారు. నైట్ మోడ్‌లో ఫోన్ చాలా ఫ్రేమ్‌లు తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి ఒక ఫొటో చేస్తుంది. ఎంఆర్‌ఐ కూడా అంతే. ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు అంటిస్తారు. ప్రతి చప్పుడులో వచ్చే పెద్ద పీక్‌ని ట్రిగ్గర్‌గా తీసుకుని, ఒక్కో చప్పుడులో కొంచెం కొంచెం డేటా సేకరిస్తారు. అలా 8, 10 చప్పుళ్ల ముక్కలు కలిపి ఒకే చప్పుడు వీడియోగా కుడతారు. 'ఊపిరి తీసుకోండి.. వదలండి.. అలాగే ఆపండి' అని హెడ్‌ఫోన్‌లో వినిపించేది ఆ 10 సెకన్ల కోసమే. దీన్నే సినీ ఇమేజింగ్ అంటారు. గుండె ఎంత పంప్ చేస్తోందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్, అదే రిపోర్టుల్లో కనిపించే 'ఈఎఫ్', ఇక్కడి నుంచే వస్తుంది.

నైట్ మోడ్‌లో ఎవరైనా కదిలితే ఫొటోలో దెయ్యంలా కనిపిస్తారు కదా, ఇక్కడా అదే సమస్య. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నా, పేషెంట్ ఊపిరి ఆపలేకపోయినా ఫ్రేమ్‌లు ఒకదానికొకటి అతకవు. అలాంటివాళ్లకు క్వాలిటీ కాస్త తగ్గించి రియల్‌టైమ్ మోడ్‌లో తీస్తారు.

టెస్ట్ నంబర్ 1: కండరానికి రక్తం అందుతోందా?

దీని పేరు స్ట్రెస్ పర్ఫ్యూజన్. ఫోన్‌కి బెంచ్‌మార్క్ పెట్టినట్టే. వాట్సాప్ చూసుకుంటున్నప్పుడు ప్రతి ఫోనూ బాగానే ఉంటుంది, గేమ్ పెడితేనే అసలు రంగు బయటపడుతుంది. గుండె కూడా అంతే. విశ్రాంతిగా ఉన్నప్పుడు సగానికి పైగా మూసుకుపోయిన రక్తనాళం కూడా మేనేజ్ చేసేస్తుంది. మెట్లెక్కినప్పుడే నొప్పి మొదలవుతుంది.

కానీ టన్నెల్‌లో పరిగెత్తలేం కాబట్టి మందు ఇస్తారు. ఎక్కువగా వాడేది అడినోసిన్. ఒక కిలో బరువుకి నిమిషానికి 140 మైక్రోగ్రాముల చొప్పున మూణ్నాలుగు నిమిషాలు సెలైన్‌లా ఎక్కిస్తారు. ఇది గుండెలోని చిన్న రక్తనాళాలను పూర్తిగా తెరిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చోట రక్త ప్రవాహం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. బ్లాక్ ఉన్న చోట ఆ కింది నాళాలు అప్పటికే వీలైనంత తెరుచుకుని ఉంటాయి. వాటికి ఇంక పెంచే దమ్ము ఉండదు.

సరిగ్గా అప్పుడు చేతి నరంలోకి గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించి, గుండెలోని మూడు స్లైస్‌లను ప్రతి చప్పుడుకీ ఒకసారి తీస్తూ పోతారు. వీడియో చూస్తే భలే ఉంటుంది. ముందు గుండె కుడి గది వెలుగుతుంది, తర్వాత ఊపిరితిత్తుల్లోంచి తిరిగొచ్చి ఎడమ గది వెలుగుతుంది, ఆ తర్వాత చుట్టూ ఉన్న కండరం నెమ్మదిగా తెల్లబడుతుంది. ఎక్కడైనా ఓ ముక్క నల్లగానే ఉండిపోయిందంటే అక్కడికి రక్తం ఆలస్యంగా, తక్కువగా వస్తోందని అర్థం.

ఇందులో ఓ చిక్కు ఉంది. ఫోన్ కెమెరా షార్ప్‌నెస్ ఎక్కువ పెంచితే అంచుల చుట్టూ గీతలు వస్తాయి చూశారా? అలాగే తెల్లని రక్తానికీ నల్లని కండరానికీ మధ్య అంచులో లేని నల్ల గీత ఒకటి కనిపిస్తుంది. అనుభవం లేని కళ్లకు అది జబ్బులా అనిపిస్తుంది. సాధారణంగా అది కొద్ది చప్పుళ్లలో మాయమవుతుంది, నిజమైన లోపం ఇంకాసేపు ఉంటుంది. మెషీన్ ఎంత మంచిదైనా, చదివే డాక్టర్ అనుభవం చాలా ముఖ్యం అనేది ఇందుకే.

అడినోసిన్ ఎక్కుతున్నప్పుడు ఛాతీ బిగుసుకున్నట్టు, ముఖం వేడెక్కినట్టు, ఆయాసం వచ్చినట్టు అనిపిస్తుంది. ముందే చెబుతారు కాబట్టి కంగారు పడక్కర్లేదు. రక్తంలో దాని ప్రభావం సగానికి తగ్గడానికి 10 సెకన్లు కూడా పట్టదు, ఆపిన నిమిషం రెండు నిమిషాల్లో మామూలైపోతారు. ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం ముందే డాక్టర్‌కి చెప్పి తీరాలి.

టెస్ట్ నంబర్ 2: కండరం బతికుందా?

గాడోలినియం ఇచ్చాక 10, 15 నిమిషాలు ఆగి మళ్లీ బొమ్మలు తీస్తారు. దీని పేరు లేట్ గాడోలినియం ఎన్‌హాన్స్‌మెంట్. రిపోర్టులో 'ఎల్‌జీఈ' అని ఉంటుంది.

లాజిక్ చాలా సింపుల్. గాడోలినియం బతికున్న కణాల లోపలికి వెళ్లలేదు. కణాలు గట్టిగా అతుక్కుని ఉన్న ఆరోగ్యకరమైన కండరంలో దానికి ఉండటానికి చోటు తక్కువ, త్వరగా కడుక్కుపోతుంది. కణాలు చనిపోయి పగిలిపోయిన చోట, లేదా మచ్చగా మారిన చోట ఖాళీ ఎక్కువ. అక్కడ పోగుపడి, వెళ్లడానికి టైమ్ తీసుకుంటుంది. వీడియో ఎడిటింగ్‌లో బ్లాక్ లెవెల్ సెట్ చేసినట్టు, ఆరోగ్యకరమైన కండరం పూర్తిగా నల్లగా కనిపించేలా టైమింగ్ సరిచేస్తారు. అప్పుడు చనిపోయిన భాగం ఒక్కటే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లగా మెరుస్తుంది. అంటే మొదటి టెస్టులో నలుపు చెడ్డది, రెండో టెస్టులో తెలుపు చెడ్డది. ఈ ఒక్క లైన్ గుర్తుంచుకుంటే సగం రిపోర్ట్ అర్థమైనట్టే.

దీని విలువ 2000 సంవత్సరంలో తేలింది. చికాగోలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన రేమండ్ కిమ్, రాబర్ట్ జడ్ బృందం పంపింగ్ దెబ్బతిన్న 50 మందికి స్టెంట్ లేదా బైపాస్‌కి ముందు ఈ స్కాన్ తీసింది. ఆపరేషన్ తర్వాత ఏ భాగం కోలుకుందో చూసింది. సరిగ్గా కదలని భాగాల్లో తెలుపు అసలు లేని 329లో 256 మెరుగయ్యాయి, అంటే 78 శాతం. గోడ మందంలో 75 శాతానికి మించి తెల్లబడిన 58 భాగాల్లో మెరుగైంది ఒకే ఒక్కటి. ఎకోలో చూస్తే ఈ రెండూ 'కదలని గోడ'గానే కనిపిస్తాయి. ఒకటి నిద్రపోతున్న కండరం, ఇంకొకటి చనిపోయిన కండరం. తేడా తెల్లటి గీతలో ఉంది.

రెండు టెస్టులూ కలిపి చదివితే ఇలా ఉంటుంది.

* స్ట్రెస్‌లో నలుపు ఉంది, తెలుపు లేదు: కండరం బతికే ఉంది, కానీ ఆకలితో ఉంది.
* లోపలి అంచున సన్నగా తెలుపు ఉంది: కొంత పోయింది, చాలావరకు మిగిలింది.
* గోడ మందమంతా తెలుపు: అక్కడి కండరం పోయింది. నాళం తెరిచినా ఆ గోడ మళ్లీ కదిలే అవకాశం చాలా తక్కువ.

మచ్చ ఎక్కడుంది? అదే అసలు క్లూ

గుండె రక్తనాళాలు బయటి వైపు నుంచి లోపలికి వస్తాయి. కాలువ చివరి పొలంలా లోపలి పొరకే ముందు కరువొస్తుంది. అందుకే హార్ట్ ఎటాక్ వల్ల వచ్చే మచ్చ ఎప్పుడూ లోపలి పొరలో మొదలై బయటికి పాకుతుంది. వైరస్ వల్ల వచ్చే వాపు, అంటే మయోకార్డైటిస్‌లో మచ్చ ఎక్కువగా బయటి పొరలోనో, గోడ మధ్యలోనో కనిపిస్తుంది. అంటే మచ్చ ఉన్న చోటును బట్టే అసలేం జరిగిందో ఊహించొచ్చు.

మన వయసు వాళ్లకు ముఖ్యమైన పాయింట్ ఇదే. జిమ్‌లో కుప్పకూలిన సీసీటీవీ వీడియో ఒకటి వాట్సాప్‌లో రాగానే అందరూ 'హార్ట్ ఎటాక్' అనేస్తారు. కానీ చిన్న వయసులో కారణం రక్తనాళంలో బ్లాకే కానక్కర్లేదు. పుట్టుకతో జన్యువుల్లో వచ్చే కండరం మందం కావొచ్చు, తెలియకుండా వచ్చి వెళ్లిన మయోకార్డైటిస్ కావొచ్చు. ఛాతీ నొప్పి వచ్చి, రక్తపరీక్షలో ట్రోపోనిన్ పెరిగి, యాంజియోలో మాత్రం ఏ బ్లాకూ లేదని తేలిన వాళ్లలో అసలు కారణం చెప్పేది చాలాసార్లు ఈ స్కానే.

కోవిడ్ తర్వాత అమెరికాలో బిగ్ టెన్ కాలేజీల క్రీడాకారులు 1,597 మందికి ఎంఆర్‌ఐతో సహా గుండె పరీక్షలు చేశారు. 37 మందిలో, అంటే 2.3 శాతం మందిలో మయోకార్డైటిస్ కనిపించింది. లక్షణాలున్న వాళ్లనే పరీక్షించి ఉంటే దొరికేది ఐదుగురేనట. అయితే ఏ లక్షణమూ లేకుండా స్కాన్‌లో మాత్రమే కనిపించిన చిన్న మార్పు నిజంగా ఎంత ప్రమాదం అన్నది వేరే ప్రశ్న. అందుకే 'ఓసారి తీయించేసుకుందాం' అనుకునే టెస్ట్ కాదిది.

స్టెంట్ వేయాలా వద్దా.. ఎంఆర్‌ఐ తేల్చేస్తుందా?

ఇక్కడ రెండు పెద్ద పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది ఎంఆర్ ఇన్‌ఫార్మ్, 2019లో వచ్చింది. స్థిరమైన ఛాతీ నొప్పి ఉన్న 918 మందిని రెండు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి యాంజియో చేసి, నాళంలోకి సన్నటి వైర్ పంపి ప్రెషర్ కొలిచి నిర్ణయించారు. రెండో గ్రూపుకి ముందు ఎంఆర్‌ఐ పర్ఫ్యూజన్ చేశారు. వైర్ గ్రూపులో 45 శాతం మందికి స్టెంట్ లేదా బైపాస్ చేస్తే, ఎంఆర్‌ఐ గ్రూపులో 35.7 శాతం మందికే చేయాల్సి వచ్చింది. ఏడాది తర్వాత మరణం, హార్ట్ ఎటాక్ లాంటివి ఒక గ్రూపులో 3.7 శాతం, ఇంకో గ్రూపులో 3.6 శాతం. తక్కువ స్టెంట్లు, దాదాపు అవే ఫలితాలు.

రెండోది రివైవ్డ్, 2022లో బ్రిటన్ నుంచి వచ్చింది. గుండె పంపింగ్ బాగా పడిపోయిన 700 మంది ఇందులో ఉన్నారు. కండరం బతికే ఉందని పరీక్షల్లో తేలాకే వీళ్లను తీసుకున్నారు. సగం మందికి స్టెంట్‌తో పాటు మందులు, మిగతా వాళ్లకు మందులు మాత్రమే. మూడేళ్లు దాటాక చూస్తే మరణాలు, గుండె ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడాలు రెండు గ్రూపుల్లోనూ దాదాపు సమానం. 37.2 శాతం, 38 శాతం. ఆ తర్వాత 2023లో అదే డేటాను మళ్లీ విశ్లేషిస్తే, బతికున్న కండరం ఎంతుందన్నది స్టెంట్ వల్ల ఎవరికి లాభమో చెప్పలేకపోయింది. కానీ మచ్చ ఎంతుందన్నది మాత్రం పేషెంట్ భవిష్యత్తుతో గట్టిగా ముడిపడి ఉంది.

అంటే 'కండరం బతికుంది, కాబట్టి స్టెంట్ వేస్తే అంతా సెట్' అన్న లెక్క అంత సూటిగా పనిచేయదు. ఎంఆర్‌ఐ పొలం పరిస్థితి కచ్చితంగా చెబుతుంది. దాంతో ఏం చేయాలన్నది లక్షణాలు, వయసు, మిగతా జబ్బులు, మందులకు ఎలా స్పందిస్తున్నారు.. ఇవన్నీ చూసి డాక్టర్ తేల్చాల్సిందే.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు: అసలు మజా ఇక్కడుంది

ఫోన్ కెమెరాల్లో గత పదేళ్లలో హార్డ్‌వేర్ కంటే సాఫ్ట్‌వేర్ ఎక్కువ మారినట్టే ఇక్కడా జరిగింది.

కంప్రెస్డ్ సెన్సింగ్: ఫొటోని జేపెగ్‌గా సేవ్ చేస్తే డేటాలో ఎక్కువ భాగాన్ని ఫోన్ పారేస్తుంది, అయినా మనకు తేడా తెలియదు. పారేసేదాన్ని కష్టపడి తీయడం ఎందుకు, మొదటే తక్కువ తీస్తే పోలా? ఈ ఆలోచనను 2007లో మైఖేల్ లస్టిగ్, డేవిడ్ డోనోహో, జాన్ పాలీ ఎంఆర్‌ఐకి తెచ్చారు. డేటాను అక్కడక్కడా ర్యాండమ్‌గా తీసి, మిగతాది గణితంతో నింపుతారు. ఊపిరి ఆపలేని పెద్దవాళ్లకు ఇది నిజంగా వరం.

పర్ఫ్యూజన్ మ్యాప్: కంటితో చూసేటప్పుడు పక్క భాగంతో పోల్చి 'ఇక్కడ నల్లగా ఉంది' అంటారు. మూడు నాళాల్లోనూ బ్లాకులుంటే? అన్ని వైపులా సమానంగా తగ్గుతుంది కాబట్టి పోల్చడానికి బాగున్న ముక్కే ఉండదు. వైట్ బ్యాలెన్స్ సెట్ చేయడానికి తెల్ల కాగితం లేనట్టు! అందుకే నంబర్లు కావాలి. అమెరికా ఎన్‌ఐహెచ్‌లో పీటర్ కెల్‌మన్ బృందం ప్రతి పిక్సెల్‌కీ రక్త ప్రవాహాన్ని లెక్కగట్టే పద్ధతిని డెవలప్ చేసింది. ఒక గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు అన్నది రంగుల మ్యాప్‌గా స్కానర్ మీదే వచ్చేస్తుంది. విశ్రాంతిలో ఇది సుమారు 1 ఉంటుంది, స్ట్రెస్‌లో ఆరోగ్యవంతులకు 2 నుంచి 4 వరకు వెళ్తుంది. లండన్‌లోని బార్ట్స్, రాయల్ ఫ్రీ ఆసుపత్రుల్లో 1,049 మందిని ఏఐతో ఇలా కొలిచి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఈ నంబర్ తగ్గేకొద్దీ మరణం, గుండె సమస్యల ముప్పు పెరిగింది. పెద్ద నాళాలు క్లీన్‌గా ఉండి చిన్న నాళాల్లో సమస్య ఉన్న వాళ్లను కూడా ఈ మ్యాప్ పట్టివ్వగలదు. 'యాంజియో నార్మల్, ఇక నీ నొప్పంతా మనసులోనే' అనిపించుకున్న వాళ్లకు ఇదెంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

ఏఐ డీనాయిజింగ్: స్కాన్ టైమ్ తగ్గించడానికి కొత్త మెషీన్లలో డీప్ లెర్నింగ్ వచ్చేసింది. కానీ 2023లో శాంసంగ్ ఫోన్ల చందమామ ఫొటోల గొడవ గుర్తుందా? మసక ఫొటోకి ఏఐ లేని డీటెయిల్స్ కలుపుతోందని రెడిట్‌లో రచ్చ జరిగింది. చందమామ మీద ఒక గుంట ఎక్కువైతే నష్టం లేదు. గుండె మీద ఒక మచ్చ ఎక్కువైనా, ఉన్న మచ్చ చెరిగిపోయినా నష్టమే. అందుకే ఇక్కడ ఏఐ ఎంత బాగుందన్న దానికంటే, ఎంత జాగ్రత్తగా పరీక్షించారన్నదే ముఖ్యం.

ప్లస్, మైనస్

ప్లస్: ఎక్స్‌రే రేడియేషన్ లేదు. పంపింగ్, రక్త ప్రవాహం, మచ్చ, వాపు అన్నీ ఒకే స్కాన్‌లో వస్తాయి. బ్రిటన్‌లోని లీడ్స్‌లో 752 మందితో చేసిన సీఈ మార్క్ అధ్యయనంలో, న్యూక్లియర్ స్కాన్ 66.5 శాతం కేసులు పట్టుకుంటే ఎంఆర్‌ఐ 86.5 శాతం పట్టుకుంది. థలసీమియా పిల్లల గుండెలో పేరుకునే ఐరన్‌ను కాంట్రాస్ట్ కూడా లేకుండా కొలవగలదు.

మైనస్: ఖర్చు ఎకోతో పోలిస్తే చాలా ఎక్కువ. 30 నిమిషాల నుంచి గంట వరకు కదలకుండా పడుకోవాలి. ఇరుకు గదులంటే భయపడే వాళ్లకు కష్టం. కిడ్నీలు బాగా దెబ్బతిన్న వాళ్లకు గాడోలినియం విషయంలో జాగ్రత్త పడాలి. పాత పేస్‌మేకర్లతో సమస్య ఉంటుంది, కొత్తవాటిలో ఎంఆర్‌ఐకి పనికొచ్చే మోడల్స్ వచ్చాయి. మామూలు స్టెంట్లకు సాధారణంగా ఇబ్బంది లేదు, అయినా కార్డు చూపించాలి. ఎంఆర్‌ఐ ఉన్న ప్రతి సెంటర్లోనూ గుండె స్కాన్ చేయరు, దానికి కాయిల్స్, సాఫ్ట్‌వేర్, ట్రైనింగ్ ఉన్న డాక్టర్ అన్నీ కావాలి.

మీ గ్యాడ్జెట్లకు హెచ్చరిక: వాచ్, ఫోన్, ఇయర్‌బడ్స్ అన్నీ బయటే. దీనికి సంబంధించి ఓ గమ్మత్తైన సంగతి. 2018లో అమెరికాలోని ఓ ఆసుపత్రిలో కొత్త ఎంఆర్‌ఐ బిగిస్తుండగా హీలియం లీకై, బిల్డింగ్‌లో ఉన్న దాదాపు 40 ఐఫోన్లు, యాపిల్ వాచ్‌లు ఆగిపోయాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ కాలేదు! కారణం మ్యాగ్నెట్ కాదు. ఆ ఐఫోన్లలో గడియారంలా పనిచేసే అతిచిన్న మెమ్స్ చిప్‌లోకి హీలియం దూరిపోయింది. కొన్ని రోజులకు గ్యాస్ బయటికి పోయాక చాలావరకు మళ్లీ ఆన్ అయ్యాయి.

స్కాన్‌కి వెళ్తుంటే ఇవి గుర్తుంచుకోండి

* స్ట్రెస్ టెస్ట్ ఉంటే కనీసం 12 గంటలు, చాలాచోట్ల 24 గంటలు కెఫీన్ బంద్. ఫిల్టర్ కాఫీ, ఇరానీ చాయ్, కోలా, ఎనర్జీ డ్రింక్, చాక్లెట్ ఏదీ వద్దు. కెఫీన్ అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది. జబ్బున్నా టెస్ట్ నార్మల్ అని వచ్చే ప్రమాదం ఉంది. నాన్నగారు 'ఒక్క కప్పే కదా' అంటే ఒప్పుకోకండి.
* ఒంట్లో ఏ మెటల్ ఉన్నా, ఏ ఆపరేషన్ జరిగినా దాచకుండా చెప్పండి. పాత ఎకో, యాంజియో రిపోర్టులు, క్రియాటినిన్ రిపోర్ట్ తీసుకెళ్లండి.
* ఊపిరి వదిలి 10 సెకన్లు ఆపడం ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించండి. బొమ్మల క్వాలిటీలో తేడా కనిపిస్తుంది.
* రిపోర్ట్ వచ్చాక డాక్టర్‌ని అడగాల్సినవి మూడు. స్ట్రెస్‌లో రక్తం తగ్గిన భాగం ఎంత? మచ్చ ఎక్కడుంది, గోడ మందంలో ఎంతవరకు ఉంది? ఆ మచ్చ బ్లాక్ వల్ల వచ్చిందా, ఇంకేదైనా కారణమా? 'సబ్‌ఎండోకార్డియల్' అంటే లోపలి పొరలో అని, 'ట్రాన్స్‌మ్యూరల్' అంటే గోడ మందమంతా అని, 'వయబుల్' అంటే బతికున్నది అని అర్థం.

మా వెర్డిక్ట్

కార్డియాక్ ఎంఆర్‌ఐ రోజూ వాడే గ్యాడ్జెట్ కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సరదాగా తీయించుకునే స్కానూ కాదు. ఎకో, యాంజియోలతో తేలని ప్రశ్న మిగిలినప్పుడు, ఓ పెద్ద నిర్ణయం తీసుకోబోయే ముందు దీనికి సాటి వచ్చేవి చాలా తక్కువ. 'బ్లాక్ ఎంత శాతం?' అని మాత్రమే అడిగే మన ఇళ్లలో, 'కండరం ఎలా ఉంది?' అని అడగడం మీరు మొదలుపెట్టండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఛాతీలో ఒత్తినట్టు నొప్పి, చెమటలు, ఆయాసం, నొప్పి చేతికో దవడకో పాకడం.. ఇలాంటివి కనిపిస్తే వాచ్‌లో ఈసీజీ నార్మల్ అని ఉన్నా పట్టించుకోకండి, ఎంఆర్‌ఐ గురించి గూగుల్ చేస్తూ కూర్చోకండి. అప్పుడు కావాల్సింది వెంటనే ఆసుపత్రి ఈసీజీ, రక్తపరీక్ష, అవసరమైతే యాంజియో. నాళం మూసుకుపోయాక గడిచే ప్రతి నిమిషానికీ కండరం పోతూనే ఉంటుంది. ముందు 108కి కాల్ చేయండి.